సుద్దగీత దాకా

బడిపిల్లల బట్టలు కుట్టే టైలరు ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, నిద్రలో కాలు ఆడించి ఆడించి, పడుకున్న మంచాన్ని ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి బస్టాండు దాకా నడిపించుకుంటూ పోయాడు. కండక్టరు తట్టి లేపి టికెట్ అడిగితే గానీ మెలకువ రాలేదు.

సరే, బస్టాండు దాకా కాదు. గుమ్మం దాకా. లేపింది కండక్టరు కాదు, భార్య. అడిగింది టికెట్టూ కాదు, "ఏమండీ, మళ్ళీ బయల్దేరారా?" అని మాత్రమే. కానీ మంచం కదిలిన మాట మాత్రం నిజం. దాని కోళ్ళు గీసిన గీతలు నేల మీద చాలాకాలం కనిపించాయి.

ఆ కాలి సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు. మిషను పెడలు తొక్కీ తొక్కీ టైలరు కుడికాలు మిషను లేనప్పుడు కూడా తొక్కడం మానలేదు. కంచం ముందు ఆడేది, డాక్టరు ముందు ఆడేది, పరామర్శకు వెళ్ళి తల దించుకుని కూర్చున్న చోట కూడా ఆడేది. పిల్లలు అతన్ని పెడలు మామ అనేవారు. పక్కకొట్టులో గడియారాలు బాగుచేసే పెద్దాయన మాత్రం ఏ పేరూ పెట్టలేదు. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్లిలా కదలకుండా కూర్చునే మనిషి ఆయన. "నీ కాలికి రెండు తీగలు తగిలిస్తే వీధి దీపాలన్నీ వెలుగుతాయి కదోయ్. ఎందుకిలా దండగ చేస్తావు?" అనేవాడు, తల ఎత్తకుండానే.

టైలరుకు ఒక్కతే కూతురు. పదో తరగతి. చిన్నప్పటి నుంచీ ఒక్కచోట నిలవకుండా గిర్రున తిరుగుతుందని తండ్రి, మిషను లోపల తిరిగే దారపు కండె పేరుతో, 'బాబిన్' అని పిలిచేవాడు, ఆ పేరే నిలిచిపోయింది. తండ్రి ముక్కు రాలేదు, తల్లి రంగు రాలేదు, కాలు మాత్రం అచ్చంగా దిగింది. బడిలో ఆ పిల్ల కూర్చున్న బెంచీలో మిగతా ముగ్గురి దస్తూరీ కూడా వణుకుతూ ఉంటుందని టీచర్లు చెప్పుకునేవారు. ఎడంచేతి వాటం. ఆ చేత్తోనే తండ్రి పక్కన కూర్చుని చేతికుట్టు నేర్చుకుంది, గుండీలు కుట్టడం నేర్చుకుంది. తల్లి కాజాలు తీసేది. కాజా అంటే గుండీ దూరే కన్నం, దాని చుట్టూ దారంతో కట్టే అంచు. ఆ పనిలో ఆవిడకు సాటి లేదు. మాటల్లోనూ అంతే, దూరవలసినచోట సూటిగా దూరేది.

టైలరుకు ఆ కాలు ఆగే చోటు లోకంలో ఒక్కటే ఉంది. ఇంటిని ఆనుకున్న కొట్టు వెనక, లైనింగు బట్ట తుక్కు పోసే చిన్న పెరడు. అక్కడ గోడకు ఆనుకుని, సిగరెట్ వెలిగించి, మొదటి దమ్ము లోపలికి పోయేసరికి కాలు నిలిచిపోయేది. ఎవరో స్విచ్చి ఆపినట్టే ఉండేది.

కూతురి వయసులో ఉన్నప్పుడే అలవాటైంది అతనికి. అప్పుడతను ఒక పెద్ద టైలరు దగ్గర పని నేర్చుకునేవాడు. ఆ పెద్ద టైలరు దగ్గర ఒక పద్ధతి ఉండేది. పొగ తాగేవాళ్ళు మధ్యమధ్యలో వెనక సందులోకి వెళ్ళి రావచ్చు. తాగనివాడికి సందులో పనేముంది, కూర్చుని కుట్టుకోవాలి. సందులో ఏముందో ఏమోగానీ అక్కడికి వెళ్ళినవాళ్ళు నవ్వుకుంటూ తిరిగి వచ్చేవారు. కుర్రాడు కొన్నాళ్ళు చూశాడు. చూసి చూసి, ఒక రోజు తానూ లేచాడు. మొదటిసారి దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. పొగ కోసం కాదు, సందు కోసం. తరవాత ఎప్పుడో, ఎప్పుడని తెలియకుండానే, సందు పోయి పొగ మిగిలింది.

బాబిన్‌కు చిన్నతనంలో దగ్గు పట్టుకుంటే, భార్య భర్త చేతిని పిల్ల నెత్తిన పెట్టించి ఒట్టు వేయించుకుంది. సిగరెట్ ముట్టనన్నాడు. ముట్టకుండా కొన్నాళ్ళు ఉన్నాడు కూడా. ఆ రోజుల్లోనే మంచం గుమ్మం దాకా వెళ్ళింది. ఆ తరవాత టైలరు బుర్రకు ఒక టైలరుకు మాత్రమే తోచగల ఉపాయం తోచింది. ప్యాకెట్టు తెచ్చి, సిగరెట్లన్నీ బల్లమీద వరసగా పేర్చి, బట్ట మీద గీసే నీలం సుద్దతో ఒక్కొక్కదానికి సరిగ్గా నడిమధ్య ఒక గీత గీశాడు. కాల్చడం ఆ గీత దాకానే. తక్కినది పారేయడమే. తాను ఒట్టు వేసింది సిగరెట్ తాగనని, సగం సిగరెట్ తాగనని కాదు గదా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇతను కొలత పెట్టుకుని తాగాడు.

ఆ ప్యాకెట్టు దాచడానికి కోటు లోపల, చంక కింద, లైనింగుకూ బట్టకూ మధ్య ఒక దొంగజేబు కుట్టుకున్నాడు. బయటి నుంచి చూస్తే ఉబ్బు కనిపించదు, తడిమితే తగలదు. అతను కుట్టిన మొదటి దొంగజేబు అది. చాలా బాగా కుదిరింది. దాని అందం ఎవరికీ చూపించుకోలేకపోవడం ఒక్కటే అతని బాధ.

ఆ బాధ తీరే రోజు వచ్చింది. ఒక పిల్లవాడి బస్ పాసు పెద్దపిల్లలు లాక్కుంటున్నారని తెలిసి, వాడి బ్లేజరులో అలాంటి జేబే కుట్టిపెట్టాడు. వాడు ఊరుకుంటాడా, స్నేహితుడికి చూపించాడు. ఆ స్నేహితుడు ఇంకొకడిని తీసుకొచ్చాడు. ఒక ఏడాది తిరిగేసరికి బడిలో సగం బ్లేజర్లకు లోపల ఒక రహస్యం ఉంది.

కొలతలిచ్చే పిల్లలు రెండు చేతులూ పైకెత్తి నిలబడతారు. అలా నిలబడ్డవాళ్ళ నోట నిజం తొందరగా వస్తుందని టైలరు కనిపెట్టాడు.

"మామా, జేబు ఇంకాస్త వెడల్పుండాలి," అన్నాడొకడు.

"ఏం, బస్ పాసు లావెక్కిందా?"

"అవును మామా. ఈమధ్య బాగా తింటోంది."

వాడు వేళ్ళతో చూపించిన వెడల్పు టైలరుకు కొత్త కాదు. టేపు పెట్టి కొలవకుండానే చెప్పగలడు. తన చంక కింద ఉన్నదీ అదే కొలత. నోట్లో గుండుసూదులుండగానే అడిగాడు, "నచ్చుతుందట్రా ఆ కంపు?"

"లేదు మామా. వాంతొస్తుంది."

"మరెందుకు తాగడం?"

"విరామంలో అందరూ గోడ వెనక్కి పోతారు. నేనొక్కణ్ణీ గోడకి ఇవతల ఏం చేయను? పోయాక అందరి చేతిలోనూ ఒకటి ఉంటుంది. నా చేతులు ఎక్కడ పెట్టుకోను?"

టైలరు టేపు చుట్టుకున్నాడు. ఆ గోడ అతనికి తెలుసు. ఊళ్ళు మారినా, కాలం మారినా, ఆ గోడ అదే. వాడికి ఏదో చెప్పాలనిపించింది. చెప్పేముందు తన చంక కింద ప్యాకెట్టు కదిలింది. "బుధవారం రా, ట్రయలుకి," అన్నాడు. జేబు కుట్టడం టైలరు పని, జేబులో ఏముందో చూడటం తల్లుల పని అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

తీగ లాగితే డొంక కదులుతుందంటారు. ఇక్కడ ఎవరో దారం లాగారు. ఒక సెలవురోజు పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గారు టైలరుకు కబురు పంపారు.

పిల్లలు లేని బడి పెద్ద డొల్లలా ఉంది. ఆవిడ గదిలో బల్లమీద అరడజను బ్లేజర్లు లోపలివైపు పైకి తిప్పి పరిచి ఉన్నాయి. టైలరును కుర్చీలో కూర్చోమన్నారు. అతను కూర్చున్న కాసేపటికి బల్లమీది పెన్నుల గిన్నె గలగల్లాడటం మొదలెట్టింది.

"అది మీ కాలా?" అన్నారావిడ.

"మిషనుదండీ. నాకు తగిలించారంతే."

ఆవిడ నవ్వలేదు. "ఈ జేబులు మీరు కుట్టినవేనా చూసి చెప్పండి."

టైలరు ఒక్కొక్క బ్లేజరూ దగ్గరకు లాక్కుని జేబు అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. చూడనక్కర్లేదు, తన కుట్టు తన వేలికి తెలుసు. గాలివాన జల్లు పడ్డట్టు కుడివైపు వాలి ఉంటుంది. మొదటిది తనదే. రెండోది తనదే. ఆఖరిదాని మీద వేలు ఆగిపోయింది. కుట్టు ఎడమవైపు వాలి ఉంది. దూరం దూరంగా, తొందర తొందరగా, కానీ ముడి మాత్రం లోపలికి మడిచి కనిపించకుండా వేసి ఉంది. ఆ ముడి అతను ఈ లోకంలో ఒక్కరికే నేర్పాడు.

కాలు ఒక్క క్షణం ఆగింది. సిగరెట్ లేకుండా అది ఆగడం అదే మొదటిసారి.

"అన్నీ నావేనండీ," అన్నాడు.

"ఆఖరిది కాస్త వేరుగా లేదూ? కుట్టు అటు వాలింది."

"అది కుట్టిన రోజు ఎదురుగాలండీ."

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "వీటిల్లో పొగాకు దొరికింది. దొరికినవాళ్ళను ఎందుకు మొదలుపెట్టారని అడిగాను. ఒకరితో ఒకరు కూడబలుక్కున్నట్టు 'ఊరికే' అన్నారు. ఊరికే ఎవరూ ఇంత కష్టపడి జేబు కుట్టించుకోరు. ఇంకెవరెవరికి కుట్టారు?"

"కొలతలైతే చెప్పగలనండీ. పేర్లు గుర్తుండవు."

"మీ అమ్మాయి బ్లేజరుకి ఉందా?"

"లేదండీ." ఆ మాట అతను అనుకునేలోపే నోరు దాటేసింది.

ఆవిడ కాసేపు అతని కాలివైపు చూశారు. "రేపొక్క రోజు టైముంది. ఎల్లుండి పొద్దున అందరి బ్లేజర్లూ తిప్పి చూస్తాను. ఈలోగా ఎవరైనా మీ దగ్గరికొచ్చి జేబు విప్పించుకుంటే, అది నాకు తెలియదు. ఎల్లుండి కూడా జేబున్నవాళ్ళ ఇంటికి మాత్రం నేనే వస్తాను. మీ ఇల్లయినా సరే."

టైలరు కాలుగాలిన పిల్లిలా ఇంటికి వచ్చాడు. భార్య కిటికీ దగ్గర కాజాలు తీస్తోంది. కూతురు స్నేహితురాలింటికి వెళ్ళింది. బ్లేజరు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది.

టైలరు నీళ్ళు తాగాడు. పెరట్లోకి వెళ్ళాడు, వచ్చాడు. కత్తెర తీసి, పదును చూసి, పెట్టేశాడు. మళ్ళీ నీళ్ళు తాగాడు.

"ఏం పోగొట్టుకున్నారు?" అంది భార్య, సూది ఆపకుండా.

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదాని కోసం ఇంతలా వెతకడం మీవల్లే అవుతుంది."

ఆమె వంటింట్లోకి వెళ్ళాక అతను బ్లేజరు తీసుకుని కొట్లోకి నడిచాడు. బల్లమీద వేసి, తిరగేసి, చంక కింద చెయ్యి పెట్టాడు. తగలలేదు. అంత బాగా కుట్టింది. లైనింగు మడత లోపల గోరు దూర్చి లాగితే నోరు తెరుచుకుంది. అందులో ఒకటే సిగరెట్ ఉంది, కాగితంలో చుట్టి. విప్పాడు. సరిగ్గా నడిమధ్య నీలం సుద్దగీత ఉంది.

చాలాసేపు ఆ గీతనే చూస్తూ నిలబడ్డాడు. పిల్ల ఎవరో చెడ్డవాళ్ళతో తిరిగి నేర్చుకుందనుకుంటే కోపం తెచ్చుకోవచ్చు. ఎవరినో ఒకరిని తిట్టవచ్చు. ఈ గీత చూశాక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. కంచే చేను మేసింది, అదీ కొలత పెట్టుకుని మరీ మేసింది.

సాయంత్రం బాబిన్ కొట్లోకి వచ్చేసరికి బ్లేజరు బల్లమీద తిరగేసి ఉంది. తండ్రి మిషను ముందు కూర్చుని ఉన్నాడు. మిషనులో బట్ట లేదు. అయినా పెడలు ఆడుతోంది.

ఆ పిల్ల గుమ్మంలోనే ఆగింది. తండ్రి తల ఎత్తకుండా అన్నాడు, "చేతికుట్టు ఇంత దూరం దూరంగా వేస్తారా?"

"తొందరలో వేశా," అంది.

"లైనింగు జారే బట్ట. దగ్గరగా వేయకపోతే రెండు ఉతుకుల్లో విడిపోతుంది."

"విడిపోలేదుగా."

"నీ ఒక్కదానికేనా, ఇంకెవరికైనా కుట్టావా?"

"ఒక్కళ్ళకి. నువ్వు ఖాళీగా లేవని నన్నడిగింది." గోడకు ఆనుకుంది. ఆనుకున్న మరుక్షణం కుడికాలు మొదలైంది. "హెడ్మిస్ట్రెస్‌కి తెలిసిపోయిందా?"

"అది నేనే కుట్టానని చెప్పాను."

"నమ్మారా?"

"ఎదురుగాలని చెప్పాను."

బాబిన్‌కు నవ్వు రాబోయి ఆగింది. తండ్రి బల్లమీద సిగరెట్ పెట్టాడు. గీత పైకి కనిపించేలా పెట్టాడు.

"ఇది నాది," అన్నాడు.

"తెలుసు. నీ కోటులోదే."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"నువ్వు ఒట్టు వేసినప్పటి నుంచి అనుకో." చెప్పి తండ్రి ముఖం చూసి, గొంతు తగ్గించింది. "చిన్నప్పుడే ఈ కిటికీలోంచి చూశా నాన్నా. పెరట్లో గోడ దగ్గర నిలబడ్డావు. నీ కాలు కదలట్లేదు. నేను భయపడ్డాను, నీకేమైనా అయిందేమోనని. తరవాత చూస్తే, అది కాలుస్తున్నప్పుడు మాత్రమే ఆగుతుంది."

టైలరు కాలి కింద పెడలు ఖాళీగా తిరుగుతోంది.

"నాక్కూడా ఆగుతుందేమోనని చూశా," అంది బాబిన్. "అంతే. పరీక్ష రాసేటప్పుడు నా కాలు చూసి అందరూ విసుక్కుంటారు. టీచరు ఒకసారి నా మోకాలి మీద పుస్తకం పెట్టి కూర్చోబెట్టింది. ఒక్కసారి, ఒక్కసారి నిలకడగా కూర్చోవాలని ఉండదా నాకు?"

"ఆగిందా?"

"మొదటిసారి తల తిరిగింది. రెండోసారి ఆగింది. భలే ఆగింది నాన్నా. నేనే అనిపించలేదు." అరచేతులు పావడాకు తుడుచుకుంది. "ఇప్పుడు ఆగట్లేదు. తాగితే మామూలుగా ఆడుతుంది. తాగకపోతే ముందుకంటే రెండింతలు ఆడుతోంది. పొద్దున లేవగానే చేతులు కూడా మొదలెడుతున్నాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. నువ్వు కూడా చెప్పలేదు."

టైలరు ఇన్నేళ్ళుగా సిగరెట్ తన కాలిని ఆపుతోందనుకున్నాడు. తన కాలిని ఆడించేదే అది అయితే? చుట్టూ నిప్పు పెట్టి, మధ్యమధ్యలో వచ్చి చెంబుడు నీళ్ళు చల్లిపోయేవాడిని ఇన్నాళ్ళూ ఉపకారి అనుకున్నాడా? ఆ ఆలోచన పూర్తిగా నచ్చలేదతనికి. పెరట్లోకి వెళ్ళి ఒకటి కాల్చి ఆలోచిద్దామనుకుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

"నేను చెప్పలేదు," అన్నాడు. "నాకే తెలియదు."

"మరి గీత ఎందుకు?"

"సగమే తాగుదామని."

"సగం తాగి ఇంకోటి వెలిగిస్తావుగా. నేను చూడలేదనుకున్నావా?"

వెనక నుంచి గొంతు వినిపించింది. "నేనూ చూశాను." భార్య గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఇంకా సగం తీసిన కాజా. "ఇద్దరి కోట్లూ ఉతికేది నేను. నా ముక్కు కూడా కుట్టేశాననుకున్నారా?"

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?" అన్నాడు టైలరు, నేరం కొంచెమైనా అటు జరుపుదామని.

"మీది తెలుసు. ఒట్టు తీసి గట్టున పెట్టారనీ తెలుసు. మీకు సిగ్గేసినప్పుడు మీరే మానతారని ఊరుకున్నాను. దాని బ్లేజరుకి అంటిన వాసన కూడా మీదేననుకున్నాను." ఆమె సూదిని బట్టకు గుచ్చింది. "ఒకే ఇంట్లో ఒకే కంపు. ఎవరిదని తెలుస్తుంది?"



మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు పిల్లలు గుంపు కట్టారు. వార్త ఎవరు మోశారో తెలియదు, ఊళ్ళో ఉన్న దొంగజేబులన్నీ నడిచి వచ్చాయి. టైలరు బ్లేడుతో కుట్టు కోస్తుంటే బాబిన్ లైనింగు మూసి కుట్టేది. జేబుల్లో దొరికినవి దొరికినట్టు పిల్లల చేతిలోనే పెట్టారు. చూయింగ్ గమ్, పాత బస్ పాసు, ఒకడి జేబులో పళ్ళ డాక్టరు కట్టిన తీగ, ఇంకొకడి జేబులో ఏమీ లేదు.

"ఏంరా, నీదాంట్లో ఏం పెట్టుకున్నావు?" అన్నాడు టైలరు.

"ఏమీ పెట్టలేదు మామా. అందరికీ ఉందని కుట్టించుకున్నా."

టైలరుకు ఒక ఉపాయం తోచింది. "బాబిన్, పూర్తిగా మూసేయకుండా సన్నం చేస్తే? బస్ పాసు పడుతుంది, ప్యాకెట్టు పట్టదు."

"ప్యాకెట్టు పట్టకపోతే ఒక్కొక్కటిగా పెట్టుకుంటారు నాన్నా. నేనలాగే పెట్టుకున్నా."

టైలరు బ్లేడు అందుకున్నాడు. చేతులు పైకెత్తి నిలబడి వాంతొస్తుందన్న కుర్రాడు కూడా వచ్చాడు. వాడి జేబు విప్పేటప్పుడు టైలరు, "గోడకి ఇవతల ఏం చేయాలో తెలియకపోతే ఇక్కడికి రా. నీచేత గుండీలు కుట్టించుకుంటా," అన్నాడు. వాడు, "జీతమెంత?" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. వస్తాడో రాడో చెప్పలేం. అందరూ వెళ్ళాక టైలరు తన కోటు విప్పి కూతురి ముందు పెట్టాడు. బాబిన్ దొంగజేబు విప్పింది. ప్యాకెట్టు తల్లికిచ్చింది. తల్లి దాన్ని పొయ్యిలో వేయలేదు, పారేయలేదు. నీలం గీతలవైపు చూసి, "ఇంత తిన్నగా మీరు నా జాకెట్టుకి ఎప్పుడైనా గీశారా?" అని, బకెట్ నీళ్ళలో పడేసింది.

మర్నాడు బడిలో హెడ్మిస్ట్రెస్ గారు బ్లేజర్లు తిప్పి చూశారట. బాబిన్ బ్లేజరుకు చంక కింద కొత్త దారంతో వేసిన కుట్టు మీద వేలు పెట్టి, "మళ్ళీ ఎదురుగాలా?" అన్నారట. అంతకుమించి ఒక్క మాట అనలేదట.

ఆ తరవాతి రోజులు ఆ ఇంట్లో ఎవరికీ మంచివి కావు. సిగరెట్ మానినవాళ్ళకు నిద్ర పట్టదు, పట్టినా పళ్ళు కొరుకుతారు. తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూస్తే కస్సుమనేవారు. ఉప్పు ఎక్కువైందని గొడవ, తలుపు చప్పుడైందని గొడవ, ఎవరూ ఏమీ అనలేదని ఇంకో గొడవ. ఖాళీగా ఉంటే చెయ్యి జేబులోకి పోతుందని ఇద్దరూ ఏదో ఒకటి కుట్టడం మొదలెట్టారు. కర్టెన్ల అంచులు కుట్టారు, తలగడ గలీబులు కుట్టారు, తువ్వాళ్ళకు కూడా కాజాలు తీశారు. గడియారాలాయన ప్యాంటు బాగుచేయమని ఇస్తే రెండు కాళ్ళూ కలిపి ఒకే గొట్టంలా కుట్టేశారు. ఆయన అది తొడుక్కుని గంతులేసుకుంటూ వచ్చి మరీ చూపించాడు.

ఆయన నిజంగా గంతులేయలేదు. చేత్తో పట్టుకుని వచ్చి, విప్పి కుట్టమని ఇచ్చిపోయాడు. కుట్టిన మాట మాత్రం నిజం.

ఒక సాయంత్రం బాబిన్ బడి నుంచి వచ్చి సంచీ కింద పెట్టకుండానే, "నాన్నా, ఇవాళ ఒకటి," అంది. చూపు నేలమీద ఉంది.

టైలరుకు కోపం రాలేదు. అసలు ఆ మాట చెప్పాలని ఆ పిల్లకు అనిపించినందుకు ఎక్కడో ఒక గింజంత హాయి కలిగింది, అది పైకి కనబడనివ్వలేదు. "గోడ వెనకా?"

"ఊఁ. అందరూ ఉన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు."

"నాది నిన్న. ఒకటిన్నర."

"గీత గీశావా?"

"సుద్ద కనిపించలేదు."

బాబిన్ సంచీ దించింది. మిషను ముందు తండ్రి పక్కన ఇరుక్కుని కూర్చుని, తన కాలు కూడా పెడలు మీద పెట్టింది. చిన్నప్పుడు అలాగే కూర్చునేది. రెండు కాళ్ళు ఒకే పెడలు మీద కుదరడానికి కాస్త సమయం పట్టింది. ఒకరు తొక్కితే ఒకరు ఆపేవారు, దారం తెగేది. "నువ్వు లాగకు." "నేను లాగట్లేదు, నువ్వే తొందరపడుతున్నావు." కాసేపటికి తెగడం మానింది. ఏం కుట్టారంటే ఏమీ కుట్టలేదు. ఒక తుక్కుగుడ్డ మీద ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు, అలా పోయారు.

గడియారాలాయన ఒక పొద్దున టీ గ్లాసు పట్టుకుని బయటకొచ్చి చూసేసరికి, కొట్టు అరుగుమీద తండ్రీకూతుళ్ళు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. చేతుల్లో ఏమీ లేదు. రెండు కుడికాళ్ళూ ఆడుతున్నాయి. ఆయన గ్లాసును అరుగు మీద పెట్టబోయి, మనసు మార్చుకుని చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఇది ఇంక ఆగదా పెదనాన్నా?" అంది బాబిన్. అడగడం నవ్వుతూనే అడిగింది గానీ ఆ పిల్ల రాత్రంతా సరిగా పడుకోలేదని కళ్ళు చెబుతున్నాయి.

ఆయన భూతద్దం నుదుటి మీదకు జరిపాడు. "నా దగ్గరికి ఆగిపోయిన గడియారాలు తెస్తారమ్మా. ఆడుతున్నదాన్ని ఇంతవరకూ ఎవడూ తేలేదు." టీ ఒక గుక్క తాగి, "మీ నాన్న తప్ప," అన్నాడు. "మీ నాన్న ఏది తెచ్చినా తేడాగానే ఉంటుంది. నా ప్యాంటు ఏదీ?"

టైలరు లేచి లోపలికి వెళ్ళాడు, ప్యాంటు కోసం. వెనక పెరటి తలుపు దాటుతూ ఒక్క క్షణం ఆగాడు. గోడ అక్కడే ఉంది. చెయ్యి అలవాటుకొద్దీ చంక కిందకు పోయింది. అక్కడ లైనింగు నున్నగా, ఎడమవైపు వాలిన కుట్టుతో మూసి ఉంది. ఈసారి దగ్గర దగ్గరగా వేసింది. రెండు ఉతుకుల్లో విడిపోదు. అతను ఆ కుట్టుమీద వేలు ఉంచి కాసేపు నిలబడి, ప్యాంటు తీసుకుని బయటకొచ్చాడు.

ఇదంతా రాసి, ఒక మధ్యాహ్నం టైలరుకే పూర్తిగా చదివి వినిపించాను. బట్ట కత్తిరిస్తూ, మధ్యలో ఆపకుండా, చివరిదాకా విన్నాడు. విన్నాక కత్తెర కింద పెట్టాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "నేను పుట్టి బుద్ధెరిగి సిగరెట్ ముట్టలేదు. దొంగజేబంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా అమ్మాయిది కుడిచేతి వాటం, ఆ పిల్లను ఇంట్లో ఎవరూ బాబిన్ అని పిలవరు. పక్కకొట్టాయన ప్యాంటు నేను కుట్టలేదు, ఆయనే ఎక్కడో కుట్టించుకుని నామీద తోస్తున్నాడు. నా కాలు ఆడటం ఎవరైనా చూశారేమో అడగండి. ఇక మంచం సంగతంటారా, మా ఇంట్లో మంచమే లేదు."